రోగితో బంధుత్వం

జూన్ పన్నెండో తేదీ నాటికి పాస్టరుగారు నూట నలభై ఏడుగురికి బంధువు. వారిలో ఒక్కరూ ఆయనకు రక్తసంబంధీకులు కారు.

వారమంతా పుస్తకాల బైండింగు, ఆదివారం రేకుల షెడ్డులో ప్రసంగం. పదకొండేళ్ల క్రితం వరకు ఆయన జీవితం అంతే. ఒకనాడు ప్రార్థన చేయడానికి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, నా అన్నవాళ్లు లేని ఒక లారీ డ్రైవరు కనిపించాడు. బంధువు సంతకం లేనిదే అక్కడ కత్తి ముట్టరు. అంగీకార పత్రంలో "రోగితో బంధుత్వం" అన్న గడిలో ఆయన "అన్న" అని రాసేశారు. డ్రైవరు బతికాడు. సంఘంలోని మరో పద్దెనిమిది మంది అదే బాట పట్టారు. జనం వాళ్లకు చుట్టాల జట్టు అని పేరు పెట్టారు. "అయ్యగారికి చుట్టాలెక్కువ, పెళ్లిభోజనాలు తక్కువ" అని వార్డు సిస్టరు ఆటపట్టించేది.

ఆ ఏడు మే నెలలో ఆ నవ్వులు ఆగిపోయాయి. ఆయన "కొడుకు"గా సంతకం చేసిన ఒక వృద్ధుడు ఆపరేషన్ బల్లమీదే పోయాడు. ఎక్కడినుంచో అసలు కొడుకు ఊడిపడి ఫిర్యాదు చేశాడు. ఇంకొక్క దొంగ సంతకం పెడితే లోపలేస్తామని ఇన్‌స్పెక్టరు హెచ్చరించాడు. అప్పటినుంచి గేటు చప్పుడైతే చాలు, పాస్టరుగారికి పైప్రాణాలు పైనే పోయేవి.

పన్నెండో తేదీ ఉదయం సిస్టరు ఫోను చేసింది.

"బట్టలుతికే పెద్దామె అయ్యగారూ. కాలు కుళ్లిపోతోంది. మధ్యాహ్నంలోగా తీయకపోతే మనిషి దక్కదంటున్నారు. ఎవ్వరూ లేరు పాపం."

భార్య గుమ్మానికి అడ్డం నిలబడింది. "మీ జట్టులో ఇంకెవరూ లేరా?"

"అడిగాను. అందరికీ ఒక్కసారే జ్వరాలొచ్చాయి."

"అయితే మీకూ జ్వరమే. వెళ్లి పడుకోండి."

ఆయన నిజంగానే వణుకుతున్నారు. ఆ వణుకుతోనే చెప్పులు వేసుకున్నారు.

పెద్దామె మంచం మీదినుంచే ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఏమని రాస్తావయ్యా?"

"తమ్ముడని రాయనా అమ్మా?"

"అమ్మా అంటూ తమ్ముడేంటి? వరసలు కూడా రావా నీకు!"

కలం ఆగిపోయింది. అబద్ధసాక్ష్యం పాపమని తాను ఎన్ని ఆదివారాలు చెప్పారో గుర్తొచ్చింది. జైలు ఊచలూ గుర్తొచ్చాయి. ఏది ఎక్కువ భయపెడుతోందో ఆయనకే తెలియలేదు. చివరికి ఇలా రాశారు: "బంధువును కాను. ఈమెకు ఎవరూ లేరు. బాధ్యత నాది."

డాక్టరు రెండుసార్లు చదివాడు. "ఇది చెల్లదేమోనండీ."

"నాకూ అదే భయమండీ."

డాక్టరు పెద్దామె కాలు చూశాడు, గడియారం చూశాడు. కింద తన సంతకం కూడా పెట్టి లోపలికి తీసుకెళ్లమన్నాడు.

మరుసటి వారం పోలీసులు పిలిపించారు. మూడు గంటలు ప్రశ్నించి, పాత సంతకంపై కేసు నమోదు చేశారు. కొత్తదాని జోలికి పోలేదు. ఇంటికి వచ్చిన పాస్టరుగారికి ముద్ద దిగలేదు. గురువారం పెద్దామెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. శుక్రవారం సిస్టరు మళ్లీ ఫోను చేసింది. భార్య అందుకుని, వణికే గొంతుతోనే, "ఎన్నో నంబరు మంచం?" అని అడిగింది.