డెలీనా పస్తు పెట్టిన నేల

ఏ చేలో అడుగుపెట్టినా డెలీనా ముందుగా వంగుతుంది. చిటికెడు ఇసుక అరచేతిలో వేసుకుని ఊదుతుంది. ఇసుక ఎగిరిపోయి చెయ్యి శుభ్రంగా మిగిలితే తల ఊపుతుంది. నల్లగా అంటుకుంటే మూతి ముడుస్తుంది. అరవై ఒకటో ఏట కూడా అంతే. పెళ్ళికి వెళ్ళినా పూలకుండీని వదలదు.

ఆమె రెల్లు కోసే మనిషి. మిషనరీలు కట్టిన ఆ సముద్రతీరపు ఊళ్ళో ఇళ్ళకీ చర్చికీ రెల్లే కప్పు. ఆకులేని నిటారు కాడలు. సముద్రపు గాలి కొట్టే బీద ఇసుకలో పెరుగుతుంది. కోసి కప్పితే ముప్పై ఏళ్ళు వాన ఆపుతుంది.

"మా రెల్లు మా నాన్నలాంటిది," అంటుంది డెలీనా. "విందులో దానికి చోటు దొరకదు. పస్తుల్లో దాన్ని గెలిచేవాడు లేడు."

ఊరికి దక్షిణాన ఉన్న మడి ఆమె వాటా. అమ్మమ్మ అక్కడే కోసింది. అమ్మా అక్కడే కోసింది. తర్వాత ఇరవై ఏళ్ళు దాన్ని పోర్ట్ జాక్సన్ తుమ్మ మింగేసింది. ఇసుక కదలకుండా ఉంటుందని ఎప్పుడో దొరలు ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటిన చెట్టు అది. నాలుగేళ్ళ కిందట డెలీనా మరో అయిదుగురు ఆడవాళ్ళతో కలిసి దాన్ని మొదలంటా నరికింది. ఆ సాయంత్రం నిప్పుల మీద రొట్టెలు కాల్చుకుని, ఉప్పుచేప నంజుకుని పాటలు పాడారు.

వానలు పడ్డాయి. రెల్లు రాలేదు. గడ్డి వచ్చింది.

చెట్టు పోయినా అది వడ్డించిన విందు నేలలోనే ఉంది. తుమ్మ వేళ్ళ బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఇరవై ఏళ్ళపాటు ఇసుకకు పెట్టాయి. పరాయి దేశపు అడవి ఓట్స్ గడ్డి ఆ కూడు తిని మోకాలెత్తు లేచింది. దాని నీడలో రెల్లు మొలకలు వెలుగు అందక చచ్చిపోయాయి.

ఊరి పెద్దలు కబురు పెట్టారు. వచ్చే వసంతానికి రెల్లు నిలబడకపోతే మడి దున్ని బార్లీకి ఇచ్చేస్తామన్నారు.

డెలీనా ఊరంతా తిరిగి గడ్డి ఎక్కడ పెరగడం లేదో చూసింది. వడ్రంగి షెడ్డు వెనక, రంపపు పొట్టు పోసేచోట, గడ్డి కామెర్లు వచ్చినట్టు పసుపుగా ఉంది. పొట్టును కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నేలలో నత్రజనిని ముందే తినేస్తాయని, గడ్డికి మిగలదని మొక్కల శాఖ నుంచి వచ్చిన ఓ అమ్మాయి తర్వాత చెప్పింది. డెలీనా అప్పటికే ముప్పై బస్తాల పొట్టు మడిలో చల్లేసింది.

పొట్టు చల్లిన ఆ శరదృతువులోనే ఆమె కూతురు లీజెల్ పెళ్ళయింది. అల్లుడు క్లేటన్ కోళ్ళఫారంలో పనివాడు. మంచివాడు. ఒక ఆదివారం డెలీనా చర్చి నుంచి మడికి వెళ్ళేసరికి అతను చొక్కా చేతులు మడిచి ఓ మూల పారతో ఏదో చల్లుతున్నాడు.

"ఏం చేస్తున్నావు నాయనా?"

"ఎరువు అత్తమ్మా! బాగా మాగిన కోడిపెంట. మీ నేల చూస్తే జాలేసింది."

"జాలేసిందా? నేను పస్తు పెడుతున్న రోగికి నువ్వు బిర్యానీ పెట్టావా?"

క్లేటన్ పార కింద పెట్టాడు. "తీసెయ్యనా?"

"ఎలా తీస్తావు? చెంచాతోనా?"

తల్లి వెనకే వచ్చిన లీజెల్ నవ్వు ఆపుకోలేకపోయింది. "అల్లుడు తెచ్చిన మొదటి కానుక అమ్మా. మొహాన కొట్టకు."

"కానుకైతే గుమ్మంలో పెట్టాలి. రెల్లు నోట్లో కాదు."

డెలీనా ఆ మూల చుట్టూ తాడు కట్టింది. వారం రోజులు అల్లుడితో మాట్లాడలేదు. చేపలకూర మాత్రం రోజూ పంపింది.

ఆ దేశంలో వసంతం మొదలయ్యే సెప్టెంబరులో పెద్దలు మడి చూడ్డానికి వచ్చారు. ముందు బ్రదర్ ఎఫ్రాయిమ్ యాంచీస్, చేతిలో టోపీ. ఆ ఊళ్ళో రెల్లుమడికి టోపీయే కొలత. మూడుచోట్ల వేస్తారు. ప్రతిసారీ దాని కింద కనీసం అయిదు మొలకలుండాలి.

ఆయన దారి పక్కనే ఉన్న తాడు దాటి మొదటిసారి వేశాడు. టోపీ నేలను తాకలేదు. నడుమెత్తు గడ్డి మీద పడవలా ఊగింది.

"బార్లీకి దివ్యంగా ఉంది సిస్టర్ డెలీనా," అన్నాడాయన.

డెలీనా టోపీ తీసి ఆయన చేతికిచ్చింది. "అది లెక్కలోకి రాదు బ్రదర్. ఇటు రండి."

పొట్టు చల్లిన వైపు గడ్డి పల్చగా, పాలిపోయి ఉంది. మధ్యలో పచ్చటి రెల్లు సూదులు. టోపీ పడింది. ఏడు. మళ్ళీ పడింది. తొమ్మిది. మూడోసారి ఆయన మోకాళ్ళ మీద కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టాడు. ఆరు.

"మడి ఒకటే కదా. ఆ మూల అలా ఎందుకుంది?"

డెలీనా పక్కనే ఉన్న క్లేటన్ వైపు చూసింది.

"అది నా వంట బ్రదర్. కోడిపెంట," అన్నాడతను.

పెద్దలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఎఫ్రాయిమ్ కళ్ళు తుడుచుకున్నాడు. "అది చూడకపోతే నీ పొట్టు సంగతి నమ్మేవాళ్ళం కాదు సిస్టర్. మొదటి కోతదాకా మడి నీదే."

"ఇన్నాళ్ళూ నన్ను పిచ్చిదాన్నన్నారు కదా?"

"ఇప్పుడూ అంటున్నాం. పొట్టు మాత్రం పనిచేసింది."

మర్నాడు తెల్లారగానే డెలీనా ఒంటిచక్రం బండి తోసుకుంటూ వెళ్ళి అల్లుడి తలుపు కొట్టింది.

"గింజ పట్టకముందే పీకాలి. వేళ్ళతో సహా. నువ్వు పెట్టిందంతా ఇప్పుడు ఆ గడ్డిలోనే ఉంది."

క్లేటన్ ఆవులిస్తూ వచ్చి పీకడం మొదలుపెట్టాడు. ఆమె బండికెత్తి ఇంటికి తోసింది. మధ్యాహ్నానికి పదకొండు బండ్ల గడ్డి, ఎంత పెట్టినా తినే పెరటి గుమ్మడి పాదుల చుట్టూ పరిచింది.