ముక్తేశ్వరం రేవులో మా నాన్నగారి టాక్సీ

మా చిన్నప్పుడు... తెల్లవారుతూనే మా వీధిలో కోడికూత కంటే ముందు మా నాన్నగారి కారు దగ్గు వినిపించేది. నాలుగుసార్లు దగ్గి, ఒళ్ళంతా వణికి, ఆపైన గుర్రుమని అందుకునేది. గుండ్రటి బానెట్టు, వెలిసిపోయిన తెల్లరంగు, సీట్లకి అమ్మ కుట్టిన పూల గలేబులు... అమలాపురం పక్కన మా ఊరంతటికీ అదే టాక్సీ.

పెళ్ళికొడుకుని తేవాలన్నా అదే, పురిటిమనిషిని ఆసుపత్రికి చేర్చాలన్నా అదే. దారిలో ఆగిందా... నాన్నగారు దిగి ఏదో బిగించి, ఇంకేదో తుడిచి, "పదమ్మా తల్లీ" అనేవారు. కదిలేది. ఎవరినీ నడిదారిలో వదిలేసిన పాపాన పోలేదది.

అలాంటి కారంటే నాకు సిగ్గు. అవునండీ, సిగ్గే!

అమలాపురం ట్యూషన్లో శిరీష అని నాకో స్నేహితురాలు ఉండేది. వాళ్ళ నాన్నగారు దుబాయ్ నుంచి వచ్చేసి కొత్త కారు కొన్నారు. ఏసీ, మీట నొక్కితే దిగే అద్దాలు... "మీ నాన్నగారేం చేస్తారు?" అని అది అడిగితే "కొబ్బరి వ్యాపారం" అని టక్కున చెప్పేశాను. కొత్తొక వింత, పాతొక రోత అంటారు కదా... నాకు ఆ రోత బాగా ముదిరింది.

రెండువేల ఒకటి అనుకుంటాను. పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్ ఎంట్రన్సు కాకినాడలో పడింది. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కాలి... పంటంటే బళ్ళనీ మనుషుల్నీ కలిపి గోదావరి దాటించే పెద్ద పడవ. కోటిపల్లిలో దిగి, అక్కణ్ణించి కాకినాడ. నాన్నగారు ముందురోజే కారు కడిగి పెట్టారు. నేనేమో పొద్దున్నే బస్సులో శిరీష వాళ్ళింటికి పోయి, వాళ్ళ కారులో వెళ్తానన్నాను.

"ఆ బండి బాగా కిందకుంటదమ్మా... ఎండాకాలం, రేవులో ఇసకమీంచి పోవాలి. దిగబడిపోద్దేమో," అన్నారు.

"మీ బండికన్నా నయమే లెండి!" అన్నాను.

వేసవిలో నీళ్ళు వెనక్కిపోతే, బళ్ళు దిగబడకుండా పంటు దాకా ఇసక మీద కొబ్బరిమట్టలు పరుస్తారు. ఆ మట్టల మీంచే, ఎక్కడా ఆపకుండా పోనివ్వాలి. శిరీష వాళ్ళ నాన్నగారు మట్టలు గీసుకుని కొత్త కారు పాడైపోతుందని పక్కనున్న నున్నటి ఇసకలోంచి పోనిచ్చారు. ఇంకేముంది... పది బారలు వెళ్ళేసరికి చక్రాలు సగం దిగిపోయాయి. ఇంజను ఆగిపోయింది. తాళం తిప్పితే ఓ ఎర్రలైటు వెలగడం తప్ప ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"పంటు కదిలిపోద్దండోయ్!" అని అవతల కేకలు. అది తప్పితే మళ్ళీ గంటకిగానీ లేదు. పరీక్ష పోయినట్టే. శిరీష ఏడుపు మొదలెట్టింది.

అప్పుడు వినిపించింది... ఆ దగ్గు.

రేవుదాకా ఏదో కిరాయి ఉందని అమ్మకి చెప్పి నాన్నగారు మా వెనకాలే వచ్చారట. దిగి, పంచె పైకి కట్టుకుని, వాళ్ళ కారు బానెట్టు ఎత్తి చూశారు. "ఇది మన చేతుల్లో లేదండీ. కంపెనీవోళ్ళు రావాలండీ. నా బండెక్కెయ్యండి," అన్నారు. ఆ తరవాత నావైపు చూసి, "బుజ్జీ, రా అమ్మా," అన్నారు.

శిరీష కళ్ళు తుడుచుకుని, "ఈయన నీకు తెలుసా?" అంది.

"మా ఊరి టాక్సీ డ్రైవరు," అన్నాను.

అనేశాను. నాలుక తెగిపోయినా బాగుండేది.

ఆయన విన్నారు. బానెట్టు దించుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తరవాత మెల్లగా దించి, "ఆయ్... అమ్మాయిగారిది మా ఊరేనండీ," అన్నారు. వెనక తలుపు తీసి పట్టుకుని, "ఎక్కండమ్మా," అన్నారు. నాతో... నన్ను 'అండీ' అని...

కారు మట్టల మీంచి గతుక్కుమనకుండా పంటెక్కింది. శిరీష వాళ్ళ నాన్నగారు తన కారు ఇసకలోనే వదిలేసి వచ్చి, ముందుసీట్లో కూర్చుని ఊరికే మాటలు కలిపారు.

"పిల్లలున్నారా?"

"ఒకమ్మాయండీ."

"ఏం చదూతోంది?"

"పది పాసయ్యిందండీ. బాగా చదువుద్దండీ."

"మరి ఈ పరీక్ష రాయించకపోయేవా?"

"ఆయ్, రాత్తందండీ. స్నేహితురాలితో ఎల్లిందండీ," అన్నారు. గొంతులో ఎక్కడా తేడా లేదు. నేను ఆ వెనకసీట్లో తలొంచుకుని, నా హాల్‌టికెట్టు కేసి చూస్తూ కూర్చున్నాను. "ఈయనే మా నాన్నగారు" అనడానికి కాకినాడ దాకా టైముంది. అనలేదు.

పావుగంట ముందే చేర్చారు. పరీక్ష బాగా రాశాను, సీటూ వచ్చింది. ఇంట్లో ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు నాకూ కారుంది. టైర్లో గాలి తగ్గినా తెర మీద చెప్తుంది. మొన్న హైవే మీద ఆగిపోతే మెకానిక్కు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, సెన్సారు పోయింది మేడమ్, పార్టు రావాలంటే రెండ్రోజులు అన్నాడు. రోడ్డు పక్కన నిలబడి నాన్నగారిని తలచుకున్నాను. ఆయన లేరిప్పుడు.

పాలిటెక్నిక్ మూడేళ్ళూ నన్ను దింపడానికి వచ్చినప్పుడల్లా కారు మలుపులోనే ఆపేసేవారు. "గేటుకాడ తిప్పుకోడానికి చోటుండదమ్మా, ఇక్కడే దిగిపో," అనేవారు. గేటు దగ్గర లారీలు తిరిగేంత చోటుండేది. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. మూడేళ్ళలో ఒక్కసారి... ఒక్కసారైనా, "గేటుదాకా రండి నాన్నా" అనలేదు నేను.

మీ ఇళ్ళల్లో పాత బళ్ళ కథలుంటే రాయండి. ఇలాంటి సిగ్గుమాలిన పని మీరూ చేసి ఉంటే అదీ రాయండి... నాన్నగారు ఇంకా ఉంటే మాత్రం, ముందు ఆయనకి చెప్పి అప్పుడు రాయండి.