ట్యాంకు నీళ్ల పాఠం

వనజ టీచరుకు కోపం ఎక్కువని బోథ్ మండలంలో అందరూ అంటారు. అదే బడిలో తెలుగు చెబుతున్న నేను మాత్రం, ఆ కోపం చాలదంటాను.

మా బడి డాబా మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకుంది. పిల్లలు తాగేది ఆ నీళ్లే. మార్చి రాగానే కుళాయి కింద చెయ్యి పెడితే చుర్రుమంటుంది. ఆ నీళ్లు తాగలేక దాహంతోనే ఉండి, ఏడో తరగతి రోజారాణి మొన్న కళ్లు తిరిగి పడిపోయింది. ట్యాంకుకు నీడ వేయించండని వనజ అడగని అధికారి లేడు. పోనీ తరగతికో రంజన్ కుండ పెడదామంటే, పగిలితే ఎవరు బాధ్యులంటూ హెడ్మాస్టరు అడ్డం పడ్డారు. ఏం మనుషులో!

ఆ వారమే వనజ ఏడో తరగతిలో సముద్రాలు వేడెక్కే పాఠం మొదలుపెట్టింది. మా పిల్లలు చూసిన పెద్ద నీళ్లంటే వాగే.

"అన్ని నీళ్లుంటే ఎట్ల కాగుతయ్ టీచర్? మా ఇంట్ల రంజన్ ఎండకాలంల గూడ సల్లగనే ఉంటది," అంది రోజారాణి.

"రంజన్ మట్టిది. నీళ్లు మెల్లగ బయటికి ఊరి ఆవిరైతయ్, పోతపోత వేడిని తీస్కపోతయ్. సముద్రం మీద గూడ ఆవిరి లేస్తది గని, దాని మీద పడే వేడి అంతకన్న ఎక్కువైంది. మనం కాల్చే బొగ్గు, పెట్రోలు పొగ గా వేడిని పైకి పోనిస్తలేదు. సముద్రం మింగుతున్నది, మన ట్యాంకు లెక్క. పొద్దుగూకినా సల్లారది."

తనిఖీకి వచ్చిన అధికారి అప్పుడే లోపలికి వచ్చాడు. చేతిలో చల్లటి నీళ్ల సీసా.

"ట్యాంకు గోలేంటి మేడమ్? పుస్తకంలో ఉన్నది చెప్పండి," అని కసిరాడు. గుమ్మంలో నిలబడ్డ నాకు ఒళ్లు మండింది.

వనజ బయటికెళ్లి గ్లాసు నిండా కుళాయి నీళ్లు తెచ్చింది.

"తాగుండ్రి సార్. పిల్లలు రోజు తాగేటియే."

పెదవికి తగలగానే ఆయన మొహం చిట్లించాడు. గ్లాసు బల్ల మీద పెట్టి తన సీసా మూత తిప్పాడు. సిగ్గు లేదు!

రోజారాణి లేచి నిలబడింది.

"సారుకు సీసా ఉన్నది టీచర్. సముద్రంల చేపలకు లేదు. మాకు లేదు."

ఆయన విననట్టే వెళ్లిపోయాడు. మర్నాడు రోజారాణి వాళ్ల బాపు చేనులోంచి పత్తికట్టె మోపులు తెచ్చాడు. ఎవరినీ అడక్కుండా వనజా నేనూ డాబా ఎక్కి వాటిని ట్యాంకు చుట్టూ కట్టాం. బడి అందం పాడైందట, తీసేయమని పై అధికారి నుంచి ఫోనొచ్చిందని హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చారు.

"ముందుగాల వచ్చి ఒక గ్లాసు తాగుమనుండ్రి," అంది వనజ. "అప్పుడు తీస్త."