పిన్ని కుడి చెంప

మా పిన్ని సగం మొహానికే మేకప్ వేసుకుని ఊరంతా తిరుగుతుంది. ఎడమ చెంప అప్పుడే నీళ్ళు చల్లుకున్నట్టు తళతళలాడుతుంటుంది. కుడి చెంపకి మూడు రోజులుగా నిద్ర లేదేమో అనిపిస్తుంది. ఫోటో తీస్తామంటే బాబాయి, "మీ ఇద్దరిలో నేనెవరి పక్కన నించోవాలి?" అని అడుగుతాడు.

"నేను అమ్మేది కుషన్ ఫౌండేషన్. రెండు చెంపలూ మెరిస్తే తేడా ఎలా తెలుస్తుందే?" అనేది పిన్ని వాదన.

కుషన్ అంటే సోఫా మీద దిండు కాదు. అద్దం మూత ఉన్న చిన్న డబ్బా, అందులో ఫౌండేషన్‌తో తడిసిన స్పాంజి. ఒకసారి బ్యాంకు లైన్లో ఒకావిడ జాలిపడి రుమాలు ఇవ్వబోతే, "తుడిచేదేం లేదమ్మా, ఇటు వెయ్యలేదంతే!" అని పిన్ని డబ్బా తెరిచి పాఠం మొదలుపెట్టింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

మూడేళ్ళ క్రితం కాగే నూనె చింది నా కుడి చెంప మీద మచ్చ పడింది. అప్పట్నుంచి నలుగురిలోకి వెళ్ళాలంటే నాకు ప్రాణం మీదికొచ్చేది. ఎలాగో ధైర్యం చేసి పోయిన నెల కంటి ఆసుపత్రిలో రిసెప్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి బయల్దేరాను. పిన్ని నన్ను కూర్చోబెట్టి, అద్దుకునే మెత్తటి పఫ్‌ని డబ్బాలో ఒక్కసారే నొక్కి, ఎక్కువైంది చేతి మీద తీసేసి, చెంప మీద మెత్తగా అద్దింది.

"మచ్చ కనపడుతూనే ఉంది పిన్నీ! ఇంకో నాలుగు పొరలు వెయ్యి."

"నాలుగు పొరలేస్తే గోడకి సున్నం కొట్టినట్టుంటుంది. మొహాన్ని మొహంలా ఉండనీవే."

ఆసుపత్రి హాల్లో అందరి కళ్ళూ నా వెంట వచ్చిన పిన్ని సగం మొహం మీదే. నన్ను చూసిన నాథుడు లేడు. పది నిమిషాల్లో పోటీకొచ్చిన అమ్మాయిలంతా చేతులు చాపి ఆవిడ చేత తమ రంగుకి నప్పే షేడ్లు చూయించుకుంటున్నారు. నవ్వుకుంటూ లోపలికెళ్ళాను. ఉద్యోగం వచ్చింది.

ఆ మాట చెబుదామని చెప్పాపెట్టకుండా పిన్ని పనిచేసే షాపుకి వెళ్ళాను. కౌంటర్ దగ్గర పిన్ని రెండు చెంపలూ నిగనిగలాడుతున్నాయి!

"ఇదేంటండీ?" అన్నాను నన్నెరిగిన పక్క కౌంటరావిడతో.

"ఎప్పుడూ ఇలాగే ఉంటారండీ. మీతో బయటికెళ్ళే రోజున మాత్రం కుడివైపు తుడిచేసుకుంటారు. ఎందుకో మాకూ చెప్పరు."

పెళ్ళిళ్ళలో, బ్యాంకులో, ఆసుపత్రిలో... పక్కన నేనున్నాను. నా మీద పడాల్సిన చూపులన్నీ తన మీదికి లాక్కుంది మహాతల్లి. నేనేమో ఇంటికొచ్చి ఆవిణ్ణే విసుక్కునేదాన్ని.

నన్ను చూడగానే పిన్ని చెయ్యి టిష్యూ పెట్టె మీదికెళ్ళింది. గబుక్కున పట్టుకున్నాను.

"చెమటకి కారిపోతోందే," అంది.

"చాల్లే పిన్నీ, నాకంతా తెలిసిపోయింది. నీ రుణం తీర్చుకోలేను గానీ, పద, ఇలాగే వెళ్ళి టీ తాగొద్దాం."

టీ కొట్టావిడ నన్నే ఎగాదిగా చూసి, "చెంపకేమైందమ్మా?" అంది. పిన్ని నోరు తెరిచేలోగా నేనే చెప్పాను.

"నూనె పడిందండీ. టీలో కాస్త పంచదార ఎక్కువ వేస్తారా? మా పిన్నికి తీపిష్టం."

పిన్ని ఆవిడ వైపు తిరిగి, "మచ్చ నూనెది, మెరుపు మాత్రం మా కౌంటర్‌దండోయ్!" అంది.