ఆపేసిన ప్రథమ చికిత్స బ్యాడ్జీ

ఆ రోజుల్లో మదనపల్లెలో మాలాంటి ఇళ్ళ ఆడపిల్లలకు యూనిఫారం అంటే బట్ట కాదు, హోదా. మా అమ్మ మిషన్ ఆస్పత్రిలో ఆయా. నేను బడిలో స్కౌట్స్ అండ్ గైడ్స్ వాళ్ళ నీలం రంగు గౌను వేసుకుని వెళితే వార్డు నర్సులు కూడా పక్కకు జరిగి దారిస్తారని నా నమ్మకం (ఒక్కరూ జరగలేదు, ఎవరెవరు జరగలేదో ఇప్పటికీ చెప్పగలను). ఆ గౌను కుడిచేతి మీద, పాసైన పరీక్షకు ఒకటి చొప్పున గుండ్రటి గుడ్డ బ్యాడ్జీలు కుట్టుకోవాలి. తొమ్మిదో తరగతిలో నేను ప్రథమ చికిత్స పరీక్ష పాసయ్యాను. వంట పరీక్ష పాసైన నా పక్క బెంచీ పిల్లకు (ఉప్మాలో ఉప్పు మరిచిపోయింది, అయినా పాసైంది) వారంలోనే బ్యాడ్జీ వచ్చింది. నాకు సర్టిఫికెట్ మాత్రమే వచ్చింది.

"ఆ బ్యాడ్జీ ఆపేసినారంట. కొత్త రకం ఎప్పుడొస్తాదో ఏమో. కాగితం ఉండాది గదా, యాల ఊరికే నస పెడతావు?" అంది మా గైడ్ కెప్టెన్. ఆవిడే మా సైన్సు టీచరు. క్లాసు క్లాసంతా నవ్వింది. పదిరోజుల్లో కుప్పంలో గైడ్స్ ర్యాలీ. బోసిచేత్తో ఆ వరుసలో నిలబడేది లేదని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాను.

ముందు యూనిఫారాలు అమ్మే బట్టలంగడికి వెళ్ళాను. అంగడాయన సొరుగులన్నీ వెతికి ఒక బ్యాడ్జీ బయటికి తీశాడు. "ఇది ఈత బిళ్ళ పాపా. అదైతే ఏం, ఇదైతే ఏం? ఇది కూడా గుండ్రంగానే ఉండాది." మదనపల్లెలో ఈదడానికి నీళ్ళు ఎక్కడున్నాయో చెప్పమన్నాను. ఆయన నాకు నోరెక్కువ అన్నాడు. (అదీ రాసిపెట్టుకున్నాను.)

ఆ తర్వాత అమ్మతో పనిచేసే నర్సమ్మ ఒక కబురు చెప్పింది. పుంగనూరులో రిటైరైన గైడ్ కెప్టెన్ టీచరమ్మ ఒకావిడ ఉందట, బిస్కెట్ల డబ్బా నిండా పాత బ్యాడ్జీలు దాచిందట. ఆదివారం చర్చి అయిన వెంటనే యూనిఫారం వేసుకుని బస్సెక్కాను. ఆ పెద్ద టీచరమ్మ నా సర్టిఫికెట్ వెనకా ముందూ చూసి తిరిగి ఇచ్చేసింది.

"బ్యాడ్జీ ఇచ్చేది కాదు పాపా, సంపాదించుకునేది."

"సంపాదించినాను టీచర్. ఇదిగో కాగితం."

"కాగితం కట్టు కడతాదా? ఇదో, నా చెయ్యి ఇరిగిపోయింది. కట్టు."

నా మెడలోని గైడ్స్ స్కార్ఫు విప్పి, ఆవిడ చేతిని మడిచి మెడకు వేలాడదీసి ముడి వేశాను. ముడి వేసేటప్పుడు ఒకసారి కుడికొన పైకి రావాలి, మరోసారి ఎడమకొన పైకి రావాలి. తొందరలో నేను రెండుసార్లూ కుడికొననే పైకి తెచ్చాను. ఆవిడ ఎడంచేత్తో లాగితే అది ఇంకా బిగుసుకుంది. "పుంగనూరు ఆవును కట్టేసుకో ఈ ముడితో. మనిషికి పనికి రాదు. మళ్ళా కట్టు." ఆవిడ చెయ్యి ఎన్నిసార్లు విరిగిందో లెక్కలేదు. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. పొద్దు వాలుతుండగా ముడి సరిగ్గా పడింది. ఆవిడ డబ్బా మూత తీసి ఆకుపచ్చ బ్యాడ్జీ ఒకటి నా అరచేతిలో పెట్టింది. అంచు కొంచెం వెలిసిందని అక్కడే అనేశాను. ఆవిడ డబ్బా మూత పెట్టేసింది. (ఆ రోజు ఆవిడకు థాంక్స్ చెప్పానా? గుర్తులేదు. నాకు గుర్తులేనిది ఈ కథలో ఇదొక్కటే.)

కుప్పంలో తనిఖీకి వచ్చిన మేడమ్ వరుసంతా చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది. "ఇది పాతది. యూనిఫారంలో లేదు. తీసెయ్."

"తియ్యను మేడమ్."

"అయితే లైన్లో నిలబడొద్దు."

మా కెప్టెన్ నన్ను చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్ళింది. "పో, పోయి ప్రథమ చికిత్స డేరాలో కూర్చో. ఎవురి కంటికీ కనపడొద్దు."

డేరాలో గాజుగుడ్డ, అయోడిన్, కత్తెర, నేను. మైదానంలో బ్యాండు మోగుతోంది. నేను కూర్చోలేను, నిలబడలేను. బెంచీ చుట్టూ తిరుగుతూ, ఎవరైనా సొమ్మసిల్లి పడకపోతారా అని తెరసందు నుంచి చూస్తున్నాను. ఒక్కరూ పడలేదు. ఆకాశం కూడా నా మీద పగబట్టినట్టు మబ్బులేసి చల్లబడింది. చివరికి వంటపాక నుంచి వంటాయన ఒకాయన వచ్చాడు, ఉల్లిపాయలు తరుగుతూ వేలు కోసుకున్నాడు. సోమల నుంచి వచ్చాడట. వేలికి చిన్న పట్టీ చాలు. నేను ఆయన చెయ్యి మొత్తం మడిచి మెడకు వేలాడదీశాను.

"యాల పాపా, అట్ల మొగం మాడ్చుకోనుండావు?"

అంతే. ఉప్మా దగ్గర్నుంచి మొదలుపెట్టాను. నస అన్న మాట, ఈత బిళ్ళ, రెండు బస్సులు, మేడమ్, ఏదీ వదల్లేదు. వేలి రక్తం ఎప్పుడో ఆగిపోయింది. వంటపాక నుంచి ఎవరో "సాంబారు అడుగంటతాండాది రాప్పా!" అని అరిచారు. "వస్తాండాలే" అన్నాడే గానీ ఆయన కదల్లేదు. అంతా విని, తల ఊపి, "నీకు అన్యాయమే చేసినారమ్మా" అన్నాడు. తర్వాత లేచి, ఒంటిచేత్తోనే సాంబారు దగ్గరికి వెళ్ళాడు.

తిరుగు ప్రయాణంలో పలమనేరు దాటాక, పిన్నీసుతో కుట్లు ఒక్కొక్కటే లాగి బ్యాడ్జీ ఊడదీశాను. కెప్టెన్ చూసింది. "ఇప్పుడెవురు తియ్యమన్న్యారు నిన్ను?"

"ఎవురూ అన్లేదు టీచర్."

ఇప్పటికీ ఏదో ఒక అన్యాయం గురించి ఏదో ఒక ఆఫీసుకు నెలకొక అర్జీ రాస్తూనే ఉంటాను. జవాబులు వస్తాయి, నంబర్లు వేసి, ముద్రలు కొట్టి. చదివి నవ్వుకుంటాను. నాకు కావలసింది జవాబు కాదు. చెయ్యి మెడకు కట్టించుకుని, సాంబారు మాడిపోతున్నా కదలకుండా వినే మనిషి ఒక్కరు చాలు. మిగతా కుట్లు నేనే విప్పుకుంటాను.