కిరణ్‌గారి పియానో మీద నా రివ్యూ

మొన్న ఆదివారం నా పరువు పోయిందండీ. పోవడం కూడా మామూలుగా పోలేదు, ముప్ఫైమంది వీడియో కాల్లో కెమెరాలు ఆన్ చేసుకుని చూస్తుండగా పోయింది. కూర్చోండి, టీ తాగుతూ చెప్తాను. నవ్వారంటే మాత్రం మధ్యలో ఆపేస్తాను.

నాకు జాజ్ పిచ్చని మీకు తెలుసు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడుపుకునేవాడికి జాజ్ ఏంట్రా అని మీరు నా వెనకాల అనుకునేదీ తెలుసు. ఏం, వినకూడదా? మాకో వాట్సాప్ గ్రూపుంది. ఒంగోల్లో ఇంగ్లీషు లెక్చరర్‌గా రిటైరైన శర్మగారు అడ్మిన్. పొద్దున లేస్తే ట్రంపెట్ గొప్పదా సాక్సోఫోన్ గొప్పదా అని కొట్టుకు చస్తుంటాం. యాప్‌లో ఊరికే వినేవాళ్ళంటే మాకు చిన్నచూపు. ఆల్బమ్ కొనాలి, అదీ పెద్ద సైజు ఫైలు డౌన్‌లోడ్ చేసుకోవాలి, అప్పుడే అసలు సౌండ్ వినపడుతుందని మా సిద్ధాంతం. ఆ సిద్ధాంతం పెట్టింది నేనే లెండి.

పోయిన నెల, బెంగుళూరులో ఉంటున్న కిరణ్ అనే పియానిస్టు తన మొదటి జాజ్ ఆల్బమ్ నెట్లో అమ్మకానికి పెట్టారు. మన మంగళగిరి మనిషే! ఆగుతానా? పెట్టిన గంటలో కొనేశాను. కొట్లోనే మిర్చి టిక్కీల, అదేనండీ బస్తాల, మధ్య కూర్చుని, ఫోన్‌కి ఇయర్‌ఫోన్స్ తగిలించి, తుమ్ముకుంటూ మొత్తం విన్నాను.

సాక్సోఫోన్ ఉంది. డ్రమ్స్ ఉన్నాయి. పియానో లేదు! ఆల్బమ్ చేసిందేమో పియానో ఆయన, కవర్ మీద పియానో ముందే కూర్చుని ఉన్నారు, లోపల చూస్తే పియానో లేదు. మామూలు మనిషైతే ఏదో తేడా కొడుతోందే అనుకుంటాడు. నేను మామూలు మనిషిని కాదుగా, జాజ్ తెలిసినవాణ్ణి! ఓహో, ప్రయోగం అనుకున్నాను. పైగా సౌండంతా ఎడమ చెవిలోనే వస్తోంది. అబ్బో, ఇది ఇంకా పెద్ద ప్రయోగం!

వెంటనే గ్రూపులో ఇంత పొడుగు రివ్యూ పెట్టాను. "సొంత ఆల్బమ్‌లో తానే వాయించకుండా కూర్చోవడానికి ఎంత గుండె కావాలి! కిరణ్‌గారి మౌనమే ఈ ఆల్బమ్‌కి ప్రాణం. సంగీతాన్నంతా ఒక పక్కకి జరిపేసి, రెండో పక్కది మనల్నే ఊహించుకోమన్నారు." రాసి నా భుజం నేనే తట్టుకున్నాను.

గ్రూపులో ఒక్కరన్నా 'పియానో శుభ్రంగా వినపడుతోంది కదయ్యా' అనాలా వద్దా? అనలేదు. అందరూ దణ్ణాలు, చప్పట్లు. శర్మగారైతే "ఆ మౌనం నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు" అని రాశారు. ఆల్బమ్ కొన్నవాణ్ణి మా గ్రూపులో నేనొక్కణ్ణేనని అప్పటికి నాకు తెలీదు.

వారం తిరక్కుండా శర్మగారి ఫోన్. "ప్రసాదూ, కిరణ్‌గారు ఆదివారం సాయంత్రం మన గ్రూపుతో మాట్లాడతానన్నారోయ్! పరిచయం నువ్వే చెయ్యాలి. ఆ అర్హత ఇంకెవరికుంది?"

పదేళ్ళుగా ఆ గ్రూపులో వేళ్ళు అరిగేలా టైప్ చేస్తున్నాను. నిజమైన ఆర్టిస్టు ముందు నోరు విప్పే అవకాశం రావడం అదే మొదలు. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని ఫోన్ ముందు కూర్చున్నాను. మా ఆవిడ సుజాత "ఎక్కడండీ పెళ్ళిచూపులు?" అంది. పట్టించుకోలేదు. ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, కుడిది కిందికి వదిలేసి మొదలుపెట్టాను.

"పియానో ముట్టుకోకుండా పియానో ఆల్బమ్ చేసిన ఘనత మన కిరణ్‌గారిది!"

ఆయన మొహం మాడిపోయింది. "ముట్టుకోకపోవడమేంటండీ? మూడో పాట మొదట్లో రెండు నిమిషాలు నేనొక్కణ్ణే వాయించాను కదా."

ఆర్టిస్టులకి వినయం ఎక్కువ అనుకున్నాను. "ఆ రెండు నిమిషాల నిశ్శబ్దమేగా సార్! కళ్ళు మూసుకుని రెండుసార్లు విన్నాను!"

"ఆ రెండు నిమిషాల కోసం ఆర్నెల్లు కష్టపడ్డానండీ" అన్నారాయన. గొంతు చిన్నబోయింది.

ఇంతలో టీ తెచ్చిన సుజాత, అంత నిశ్శబ్దం ఏముందా అని వేలాడుతున్న కుడి ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంది. "ఏవండీ, ఇందులో ఏమీ రావట్లేదు." నేను ష్ అంటూనే ఉన్నాను, తను ఇయర్‌ఫోన్ పిన్ను లాగేసి, గాజుకున్న పిన్నీసు తీసి ఫోన్ కన్నంలో తిప్పింది. ఎర్రటి దుమ్ము, చిటికెడు! తుక్కు నిండి పిన్ను పూర్తిగా దిగక, కుడివైపు సౌండే రావట్లేదన్నమాట.

"ఇంత కారం కూరిపెట్టుకుని పియానో లేదంటారేంటండీ! ఆ పిల్లాణ్ణి ఏడిపించేస్తున్నారు!"

ఇయర్‌ఫోన్స్ తీసేసి ఉన్నాయి కదా, ఆ మాట నేరుగా ముప్ఫైమందికీ వెళ్ళింది. కిరణ్‌గారు పగలబడి నవ్వారు. "పాత రికార్డుల పద్ధతిలో పియానో మొత్తం కుడి చెవిలోనే వినపడేలా పెట్టామండీ!" చేతులు జోడించి నిజం ఒప్పేసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

"పోన్లెండి" అని ఆయన మిగతావాళ్ళ వంక చూశారు. "మరి మీ అందరి ఫోన్లలోనూ కారమేనా?" టపటపా కెమెరాలు ఆగిపోయాయి. మొదట ఆగింది శర్మగారిదే.

పాపం ఎంత మంచివారో చూడండి, "పావుగంట బ్రేక్ తీసుకుందాం. ఈలోపు కుడి చెవితో వినిరండి" అన్నారు. వినొచ్చుగా? వినలేదు! ఆ పావుగంటా గ్రూపులో నా రివ్యూ చెరిపేద్దామని కుస్తీ పట్టాను. మరీ పాతదైతే అందరి ఫోన్లలోంచీ పోదట. నాకేం తెలుసు!

బ్రేక్ అయిపోయింది. కిరణ్‌గారు ఆశగా ముందుకి వంగారు. "విన్నారా ప్రసాద్‌గారూ?"

వినలేదండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు ఊరుకోదుగా!

"విన్నాను సార్! రెండో పాటలో మీ పియానోకి కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయంటే నమ్మండి."

ముందుకి వంగినాయన మెల్లగా వెనక్కి వాలారు.

"రెండో పాటలో నేను వాయించలేదండీ."

ఆల్బమ్ మొత్తమ్మీద పియానో లేని పాట అదొక్కటేనట. నేను రాసిన రివ్యూ అక్షరాలా సరిపోయే పాటా అదొక్కటే!