అద్దం మీద పడుగు వేసిన మా మేనత్త

మొన్న గురువారం పొద్దున తొగుట దగ్గర ఒక కొత్త ఇంటికి పునాది ముగ్గు పోయిస్తున్నాను. మా మేనత్త కూతురు, నా మరదలు ఫోన్ చేసి "బావా, అవ్వ పోయింది" అంది. ఏడవలేదు. "తానం చేసొచ్చి జర నడుం వాలుస్త అని పండుకుంది. నేను బియ్యం ఏరుకుంట మాట్లాడుతున్న. ఊకొడ్తలేదేందని తిరిగి చూస్తే..." అని ఆగిపోయింది. చేతిలోని టేపు మేస్త్రికి ఇచ్చేశాను. నా ముఖం చూసి అతనికి సంగతి అర్థమైనట్టుంది, కట్టిన తాళ్లు విప్పి చుట్టేశాడు. ఆ రోజుకు పని ఆపి సిద్దిపేటకు బయల్దేరాను.

మేనత్త అంటే మా బాపుకు అక్క. ఊళ్లో చాలామంది ఆమెను "దారాల అవ్వ" అంటారు. వాళ్లలో సగం మందికి ఆమె మగ్గం మీద బతికిన మనిషని తెలియదు. పెద్ద బిల్డింగుల అద్దాలకు పిట్టలు తగలకుండా దారాలు కట్టించిన ముసలామెగానే తెలుసు. ఆమె ఆ పనికి దిగడానికి కారణం నేనే. అందుకే ఈ నాలుగు మాటలు నేను రాయాలనిపించింది.

మామ నేసేవాడు. అత్త పడుగు చూసుకునేది. పడుగంటే చీరకు నిలువునా సాగే పోగులు. వందల పోగుల్లో ఒక్కటి సడలినా ఆమె వేలికి తెలిసేది. తెగిన కొసను నాలుకకు అద్దుకుని, రెండు వేళ్ల మధ్య నలిపి అతికేది. మామ పోయాక, కళ్లు మసకబారాక మగ్గం ఆపేసింది గాని వేళ్లకు అలవాటు పోలేదు. ఎవరితో మాట్లాడుతున్నా వాళ్ల కొంగో చొక్కా అంచో పట్టుకుని నలిపి చూసేది. మా ఇంటికి వచ్చిన ఒక పెద్ద ఇంజనీరు గారి చొక్కా చెయ్యి అలాగే పట్టుకుని "ఇది నూలు కాదు బిడ్డా, చెమటవడ్తలేదా?" అని అడిగింది. ఆయన ఇప్పటికీ ఆ మాట చెప్పుకుని నవ్వుతాడు.

నేను ఇళ్లకు, దుకాణాలకు ప్లాన్లు గీస్తాను. కొన్నేళ్ల కింద అత్త ఇంటి పక్క ఖాళీ జాగాలో ఒక బట్టల సేటు మూడంతస్తుల షాపు కట్టాడు. ప్లాను నాదే. ముందు వైపూ, అత్త ఇంటి వైపూ పైనుంచి కిందిదాకా నీలం అద్దం పెట్టించాను. అంత అద్దం ఉన్న బిల్డింగు ఆ వీధిలో మరొకటి లేదు. నాకు లోలోపల గర్వంగానే ఉండేది. పని పూర్తయిన రోజు అత్తను వాకిట్లోకి పిలిచి చూపించాను. ఆమె కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"మంచిగనే ఉంది. మన జామచెట్టు రెండయింది" అంది.

నిజమే. ఆమె వాకిట్లోని జామచెట్టు, దాని వెనక ఆకాశం అద్దంలో ఉన్నవి ఉన్నట్టు కనబడుతున్నాయి. అది మెచ్చుకోలనే అనుకుని ఇంటికి వెళ్లాను.

పది రోజులు కాకముందే ఫోన్ వచ్చింది. "నీ అద్దానికి పిట్ట తగిలింది" అంది అత్త. రెండు రోజులకు మళ్లీ అదే మాట. పొద్దున టప్‌మని చప్పుడైతే మొదట ఎవరో రాయి విసిరారనుకుందట. వెళ్లి చూస్తే గోడ పక్కన మెడ వాల్చేసిన పికిలిపిట్ట. తర్వాత ఒక గోరింక. ఇంకో రోజు బొటనవేలంత తేనెపిట్ట. కొన్ని అక్కడికక్కడే పోయేవి. కొన్ని నోరు తెరుచుకుని రొప్పుతూ పడి ఉండేవి. వాటిని ఎత్తి చెప్పుల అట్టడబ్బాలో పాత గుడ్డ మీద పెట్టి, మూత వేసి, లోపలి గదిలో ఉంచేది. నీళ్లు పోయబోతే మా మరదల్ని ఆపేది. "సోయి లేనిదానికి నీళ్లు పోస్తే ఊపిరాడదు. జరసేపు దాన్ని గమ్మున ఉండనియ్యి" అనేది. గంటకో గంటన్నరకో డబ్బాలో గోకుతున్న చప్పుడు వినిపిస్తే వాకిట్లోకి తెచ్చి మూత తీసేది. లేవనివాటిని మాత్రం గుడ్డపీలికలో చుట్టి చెట్టు మొదట్లో పాతిపెట్టేది.

ప్రతిసారీ "నీ అద్దం" అనేది. ఒకరోజు నాకు విసుగొచ్చింది.

"అత్తా, అది నా అద్దం కాదు, సేటుది" అన్నాను.

"కట్టుకున్నది సేటు. గీసిందెవలు?" అంది.

ఫోన్ పెట్టేశాను. మర్నాడు బజారులో గద్ద బొమ్మల స్టిక్కర్లు రెండు తెచ్చి అద్దానికి అంటించాను. ఆ వారమే స్టిక్కరుకు జానెడు దూరంలో ఒక గోరింక తగిలింది. సేటును బతిమాలి లోపల తెరలు వేయించాను. దాంతోనూ ఏమీ మారలేదు. ఇక నా వల్ల కాదనుకున్నాను.

అప్పుడు అత్త, ఇంజనీరునైన నాకు తట్టని పని చేసింది. చెట్టు కింద పీట వేసుకుని వారం రోజులపాటు పొద్దున్నే కూర్చుని చూసింది. తర్వాత నాకు కబురు పెట్టింది.

"నీ గద్దకు పిట్టలు భయపడ్తలేవు. దాన్ని తప్పించుకొని పక్కపొంటి పోతున్నయి. పక్కన గూడ అద్దమేనాయె. వాటికి అది సందు లెక్క కనవడ్తుంది. సందు లేకుంట చెయ్యాలె" అంది.

"అంత అద్దాన్ని ఎట్ల మూస్తం అత్తా?"

"మూసుడెందుకు? పడుగు వెయ్యి." నాలుగు వేళ్లు దగ్గరగా కలిపి నా ముందు పట్టింది. "పోగుకు పోగుకు నడుమ బెత్తెడు. చెట్టుల చూడు, కొమ్మకు కొమ్మకు గింతే జాగ ఉంటే పిట్ట ఉరికుంట వచ్చి దూరది, తిరిగి పోతది. అయితే లోపల కాదు, బయటికెల్లి కట్టాలె. లోపల ఎన్ని తెరలేసినా బయటికి ఆకాశమే కనవడ్తది."

సేటుకు చెబితే నవ్వాడు. "కొత్త బిల్డింగుకు దారాలు కడ్తే ద్రాక్షతోటకు వల కట్టినట్టుంటది. గిరాకీ వచ్చేటోళ్లు ఏమనుకుంటరు సార్?" అన్నాడు. నిజం చెప్పాలంటే నా మనసులోనూ అదే ఉంది. అంత ముచ్చటపడి గీసిన ఎలివేషన్ మీద తాళ్లు వేలాడటం నాకే ఇష్టం లేదు. సేటు ఒప్పుకోలేదని అత్తకు చెప్పినప్పుడు నా గొంతులో కాస్త ఊరట కూడా ఉండే ఉంటుంది. ఆమె అది పట్టేసింది. తనే షాపుకు వెళ్లింది.

"రేపు పొద్దుగాల ఆరుగొట్టంగ మా వాకిట్లకు రా సేటూ. నువ్వేం చెయ్యకు, ఊకెనే కూసో" అందట.

పెద్దావిడ షాపుకు వచ్చి మరీ పిలిచిందని ఆయన వచ్చాడు. నేనూ వెళ్లాను. అరగంట దాకా ఏమీ జరగలేదు. అత్త ఆయన తల్లి ఆరోగ్యం అడిగింది, చొక్కా అంచు నలిపి చూసింది. ఆయన రెండుసార్లు ఫోన్ తీసి టైము చూసుకుని, ఇక లేవబోయాడు. అప్పుడే టప్‌మంది. ఆయన కాళ్లకు రెండడుగుల దూరంలో పికిలిపిట్ట పడింది.

అత్త లేవలేదు. "నాకు మోకాళ్లు నొస్తున్నయి. నువ్వే తియ్యి సేటూ" అంది.

ఆయన వంగి, రెండు చేతులతో ఎత్తాడు. ఎలా పట్టుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాడు. కాసేపటికి "దీని గుండె కొట్టుకునుడు నా చేతులకు తెలుస్తుంది పెద్దమ్మా" అన్నాడు మెల్లగా.

డబ్బాలో పెట్టించింది. టిఫిను వేళ దాటినా ఆయన కదలలేదు. గంటంపావుకు లోపల గోకుడు వినిపించింది. ఆయనతోనే మూత తీయించింది. పిట్ట డబ్బా అంచు మీదికి ఎక్కి, ఒళ్లు దులుపుకుని, ఇటూ అటూ చూసి గోడ మీదుగా ఎగిరిపోయింది. సేటు అది పోయిన దిక్కే చూస్తూ "ఈ పక్కకు కట్టున్రి. నెల రోజులు చూద్దాం. ముందటికి మాత్రం వద్దు" అన్నాడు.

ఆయన వెళ్లాక "నిజంగనే మోకాళ్లు నొస్తున్నయా అత్తా?" అని అడిగాను.

"రోజు నొచ్చినంతనే" అంది.

అలవాటు కొద్దీ మొదట నూలు దారం కట్టించింది. ఒక్క వానకే అది సాగి, గాలికి చిక్కుపడి ఆగమైంది. తన తప్పు తనే ఒప్పుకుని, చెరువులో చేపలు పట్టేవాళ్ల దగ్గరికి నన్ను పంపి తెల్లటి నైలాన్ వలతాడు తెప్పించింది. పైన పిట్టగోడకు ఒక ఇనుప చువ్వ, కింద మరో చువ్వ బిగించి, రెండింటి మధ్య తాళ్లు నిలువునా లాగి కట్టాం. పెయింటర్ తాళ్ల జూలా మీద వేలాడుతూ ముడులు వేస్తుంటే, అత్త కింద కుర్చీలో కూర్చుని "ఎడమదిక్కు మూడోది సడలుంది, గుంజు" అనేది.

"కండ్లు కనవడయంటివి గదా అవ్వా?" అన్నాడతను.

"గాలికి అదొక్కటి వేరే తీరుగ ఊగుతుంది" అంది.

చివరి తాడు కట్టాక రోడ్డు అవతలికి వెళ్లి చూశాను. నీలం అద్దం మీద బెత్తెడు బెత్తెడుకు తెల్ల పోగులు, మగ్గానికి ఎక్కించిన పడుగులా ఉంది. నేను భయపడినట్టు అసహ్యంగా ఏమీ లేదు. నా ఎలివేషన్‌కు ఏదో తక్కువైందని ఎవరూ అనలేదు, చాలామంది ఇది కొత్త డిజైన్ అనుకున్నారు.

ఆ నెల అత్త నుంచి ఫోన్ రాలేదు. ఉండబట్టలేక నేనే చేశాను. "ఏమన్న తగిలినయా?"

"ఒక్కటి తగిలింది. ముందటి దిక్కు" అంది.

ఆ మాట సేటు చెవిన వేశాను. వారం తిరిగేసరికి ఆయనే పెయింటర్ను పిలిపించి ముందు వైపు కూడా కట్టించుకున్నాడు. తన షాపుకు వచ్చే తోటి వ్యాపారులకు ఆ తాళ్ల కథ చెప్పడం మొదలుపెట్టాడు. అలా ఒక స్కూలు వాళ్లు, ఒక దవాఖాన వాళ్లు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు.

ఆమెకు పిట్టలంటే ప్రాణమని చాలామంది అనుకుంటారు. ఒకసారి నేనే అడిగాను, "పిట్టలంటే అంత ప్రేమనా అత్తా?" అని. "ప్రేమేంది? పావురాలంటే నాకు మంట, ఆరేసిన నూలంత ఖరాబ్ చేసేటియి. కండ్ల ముందట పడి చస్తుంటే చూసుకుంట ఊకుండుడు రాదు, అంతే" అంది.

ఆమె దగ్గర నేను నేర్చుకున్న పెద్ద పాఠం మాత్రం ఇంకొకటి. చంద్లాపూర్‌లో రిజర్వాయరు నీళ్లు కనబడేలా ఒకాయన ఫంక్షన్ హాలు తలపెట్టి ప్లాను గీయమన్నాడు. నీళ్ల వైపు మొత్తం అద్దమే కావాలన్నాడు. నీళ్ల మీది పిట్టలన్నీ దానికి తగులుతాయని, అలా గీయనని చెప్పాను. ఆయన మరో ఇంజనీరును చూసుకుంటానని లేచిపోయాడు. ఆ సాయంత్రం అత్త దగ్గరికి వెళ్లి ఘనకార్యం చేసినవాడిలా చెప్పాను. మెచ్చుకుంటుందని నా ఆశ.

"నువ్వు మంచోనివైనవు. మరి పిట్టలకేమైంది?" అంది. "ఇంకొకలు ఉత్త అద్దం పెట్టిపోతరు. నువ్వుంటే కనీసం సగమన్న ఆపుదువు. రేపు పొయ్యి మాట్లాడు."

రాత్రంతా నా అభిమానం నన్ను సతాయించింది గాని, పొద్దున వెళ్లాను. "ప్లాను ఎవరితోనైనా గీయించుకోండి, నీళ్ల వైపు అద్దం సంగతి ఒక్కటి వినండి" అన్నాను. వెడల్పాటి సజ్జ దించి, అద్దం మీద రెండు వేళ్ల ఎడంతో తెల్ల చుక్కలు అచ్చువేయిస్తే లోపల కూర్చున్నవాళ్లకు నీళ్లకు నీళ్లూ కనబడతాయి, పిట్టలూ బతుకుతాయని నమూనా ముక్క చూపించాను. ఆయన దాన్ని కంటికి దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, చివరికి పని మొత్తం నాకే ఇచ్చాడు. అందరూ ఇలా వినలేదు. ఊళ్లో ఇప్పటికీ ఉత్త అద్దాలున్నాయి, వాటిలో నేను గీసినవీ రెండున్నాయి. వాటి యజమానుల దగ్గరికి నేనింకా వెళ్తూనే ఉన్నాను.

హాలు పూర్తయ్యాక అత్తను కారులో తీసుకెళ్లాను. ఏ బిల్డింగు దగ్గర దిగినా ఆమె అడిగే మాటలు రెండే: "చెట్టు ఏ దిక్కుంది? నీళ్లు ఏ దిక్కున్నయి?" ఇప్పుడు ఏ జాగాకు వెళ్లినా, వాస్తు మాట రాకముందే నేనూ అవే అడుగుతున్నాను. ఆ రోజు ఆమె అద్దం దగ్గరికి నడిచి, చుక్కల మీద బొటనవేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరి దాకా మెల్లగా రాసుకుంటూ పోయింది. ఆమె ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. నా చదువు పూర్తయినప్పుడు కూడా "సరే" అంది, అంతే. ఆ చివరికి చేరాక వెనక్కి తిరిగి, "మంచిగ నేసిన్రు" అంది. ఇన్నేళ్లలో నాకు దక్కిన బిరుదు అదొక్కటే. అది చాలు.

మూడో రోజు పిట్టకు పెట్టడం మా వైపు ఆనవాయితీ. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి దూరంగా జరుగుతాం. పిట్ట వచ్చి ముడితే తృప్తిగా పోయినట్టు. రాకపోతే, ఏ కోరిక మిగిలిందోనని తలా ఒక మాట అనుకుంటూ ఎదురుచూస్తాం. మామ పోయినప్పుడు పిట్ట ముట్టేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. అందుకే ఈసారి ఆడవాళ్లు గొడుగులు, నీళ్ల సీసాలు తెచ్చుకున్నారు. మా మరదలు చెరువు గట్టున అన్నం, పప్పు, టమాట తొక్కు వడ్డించి, దండం పెట్టి లేచింది.

మేము నీడకు చేరనే లేదు, వెనక రెక్కల చప్పుడైంది. తిరిగి చూస్తే ఒక కాకి అన్నంలో ముక్కు పెట్టేసింది. దాని వెనకే రెండు గోరింకలు వచ్చాయి, ఆ వెంటనే ఇంకో కాకి. తెరవబోయిన గొడుగు చేతిలో పట్టుకుని మా మరదలు "గింత తొందరనా అవ్వా" అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఇక వెళ్లిపోవచ్చు, అయినా ఎవరూ కదలలేదు. అన్నం తగ్గేకొద్దీ విస్తరి తేలికై గాలికి లేవబోయింది. కాకి ఒక కాలు దాని మీద వేసి తొక్కిపట్టి, అంచున మిగిలిన మెతుకులు ఒక్కొక్కటే ఏరుకుంటోంది.